తూకం వేయకుండానే తీర్పు

ఆపరేషన్ వద్దని నాకు ఎవరూ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను. పైగా అన్నీ చదివి, నలుగురినీ అడిగి తీసుకున్న నిర్ణయమని ఇంట్లోవాళ్లను నమ్మించాను. ఉన్నదల్లా భయమే. దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను.

మాది శాలిబండ. అలియాబాద్ వైపు ఒక బళ్లో తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నొప్పి మొదట కుడి మోకాలి దగ్గర తెలిసింది. కాస్త దూరం నడిస్తే గజ్జలో కూడా పట్టేసేది. గజ్జ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. ఆ మాట డాక్టర్ ముందు నోరు తెరిచి ఎలా అనడమని సిగ్గు. మోకాలనే చెప్పాను, మోకాలికే మందు రాశారు. తుంటి కీలు అరిగితే నొప్పి గజ్జలో, తొడ ముందువైపు, ఒక్కోసారి మోకాలిలో కూడా తెలుస్తుందట. అసలు రోగాన్ని పట్టించే మాటను నేనే దాచుకుని తిరిగాను.

పాతబస్తీలో చెయ్యి విరిగినా కీలు జారినా పహిల్వాన్ దగ్గర పట్టీ కట్టించుకోవడం తాతలనాటి అలవాటు. నేనూ వెళ్లాను. నూనె రాసి మర్దన చేసిన పూట హాయిగానే ఉండేది. చార్మినార్ దగ్గరే నిజామియా యునానీ ఆసుపత్రి ఉంది, చదువుకున్న హకీములు ఉంటారు. వరసలో నిలబడలేనని అక్కడికీ పోలేదు. ఎవరో చెప్పిన చోటినుంచి పేరూ ఊరూ లేని పొడి పొట్లాలు తెప్పించుకున్నాను. వేసుకోగానే నొప్పి మాయమైంది. ఇంత తొందరగా తగ్గిందేమిటని అనుమానించాల్సింది పోయి, గల్లీలో నలుగురికి చెప్పాను. ముఖం ఉబ్బి, షుగర్ పెరిగాక గాని డాక్టర్ దగ్గర పొట్లం విప్పలేదు. ఇలాంటి వాటిలో స్టెరాయిడ్ కలుపుతుంటారని, ఎక్కువ కాలం వాడితే తుంటి బంతికి రక్తం అందకుండా పోయే ప్రమాదం కూడా ఉందని ఆమె చెప్పింది. నా మాట విని అవే వాడుతున్న ఒకామె ఇంటికి ఆ సాయంత్రమే పోయి, ఒక్కసారిగా ఆపేయకు, ముందు డాక్టర్‌కు చూపించు అని బతిమాలాను. నా వల్ల నాకైన నష్టం కంటే ఆమెకు ఆ పొడి అలవాటు చేయడం ఇప్పటికీ ఎక్కువ బాధ పెడుతుంది.

ఆ డాక్టరమ్మే నన్ను బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదాన్ని మెల్లగా బయటివైపు తిప్పింది. గజ్జ పట్టుకుని కేక పెట్టాను. "అమ్మా, మీకు పోయింది మోకాలు కాదు, తుంటి" అంది. ఎక్స్‌రేలో ఎడమవైపు బంతికీ గిన్నెకీ మధ్య నల్లటి సందు స్పష్టంగా ఉంది. కుడివైపు ఆ సందే లేదు. గుజ్జంతా అరిగిపోయి ఎముక మీద ఎముక ఆనింది.

కీలు మార్పిడి గురించి ఆలోచించుకోమంది. నేను సాకులు వెతుక్కున్నాను. డెప్యూ కంపెనీ తుంటి కీళ్ల గొడవ 2018లో పేపర్లలో వచ్చింది గదా, దాన్ని పట్టుకున్నాను. అది లోహం మీద లోహం రాసుకునే రకమని, 2010లోనే ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారని, ఇప్పుడు ఎక్కువగా వేసేది ప్లాస్టిక్ గిన్నెలో తిరిగే లోహపు బంతో సిరామిక్ బంతో అని తెలుసుకునే ప్రయత్నమే చేయలేదు. ఆపరేషన్ అయితే కింద కూర్చోలేనన్నది నా రెండో సాకు. అప్పటికే కుర్చీలో కూర్చుని పూజ చేసుకుంటున్నాను. కాలిగోళ్లు కోడలు తీసేది. మెట్టె సరిచేసుకుందామన్నా చెయ్యి అందేది కాదు. కింద కూర్చోవడం ఎప్పుడో పోయింది, ఆ పోయినదాన్ని కాపాడుకుంటున్నాననుకున్నాను.

ఇంతకంటే పెద్ద తెలివితక్కువతనం ఇంకోటుంది. ఆపరేషన్ లేకుండా తగ్గించుకుంటానన్నదాన్ని, ఆ వైద్యమైనా సరిగ్గా చేసుకోలేదు. తుంటి అరుగుదలకు మొదట చేయాల్సినవి తొడ, పిరుదు కండరాలకు బలమిచ్చే వ్యాయామం, బరువు తగ్గడం, చేతికర్ర. ఫిజియోథెరపిస్ట్ రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ మీదే ఉండిపోయింది. కర్ర పట్టుకుంటే ముసలిదాన్నయ్యానంటారని పట్టుకోలేదు. పట్టుకున్నాకైనా నొప్పి ఉన్న వైపే, కుడిచేత్తో పట్టుకున్నాను. ఎడమచేత్తో పట్టుకుంటేనే కుడి తుంటి మీద భారం తగ్గేది. వాటికి బదులు గ్లూకోసమైన్ బిళ్లలు కొన్నాను. తుంటి అరుగుదలకు అవి ఉత్తుత్తి బిళ్ల కంటే మేలు చేయలేదని నెదర్లాండ్స్ వాళ్లు రెండేళ్లు పరీక్షించి 2008లోనే చెప్పారు.

నిజంగా తూకం వేసినవాళ్లు ఉన్నారు. డెన్మార్క్‌లో 50 ఏళ్లు దాటి, తుంటి బాగా అరిగిన 109 మందిలో కొందరికి కీలు మార్చారు, కొందరితో బరువులతో వ్యాయామం చేయించారు. 2024లో ఫలితం వచ్చింది. నొప్పినీ కదలికనూ కొలిచే 48 మార్కుల లెక్కలో, ఆరు నెలలకు ఆపరేషన్ అయినవాళ్లు దాదాపు 16 మార్కులు మెరుగయ్యారు, వ్యాయామం చేసినవాళ్లు నాలుగున్నర. అయినా వ్యాయామం వైపున్న వాళ్లలో ఆ ఆరు నెలల్లో ఆపరేషన్‌కు వెళ్లింది అయిదో వంతు మందే. కాబట్టి ఇంకా నడవగలిగి, నిద్రపట్టేవాళ్లకు వ్యాయామం కొంత కాలం కలిసొస్తుంది. రాత్రి పక్క మీద ఒత్తిగిలలేని నాలాంటివాళ్లకు త్రాసు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. ఆపరేషన్‌లోనూ ప్రమాదం ఉంది. ఇన్‌ఫెక్షన్ రావచ్చు, కాలిలో రక్తం గడ్డకట్టవచ్చు, కీలు జారవచ్చు. శాశ్వతం కూడా కాదు. అయితే 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ దారి చూపాక ఈ విద్య చాలా దూరం వచ్చింది. మార్చిన కీళ్లలో నూటికి 58 దాకా 25 ఏళ్లు నిలుస్తాయని 2019లో లాన్సెట్ పత్రిక లెక్క వేసింది. అరవై దాటిన నాకు అది చిన్న కాలం కాదు.

చివరికి ఒప్పుకున్నా వెంటనే చేయలేదు. పొడితో పెరిగిన షుగర్ దిగేదాకా ఆగమన్నారు. ఈలోగా కుడి తొడ సన్నబడిపోయింది. ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు ఆ గజ్జ నొప్పి లేదు. బోనాలనాడు లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారి గుడికి నడిచే వెళ్లాను. కొంచెం కుంటు మాత్రం మిగిలింది. కొత్త కీలు బాగానే ఉంది, ఏళ్ల తరబడి నేను వాడక ఎండబెట్టుకున్న కండ ఇంకా కోలుకోలేదు.

అక్కలారా, అన్నలారా, గజ్జలో నొప్పి ఉంటే గజ్జలోనే అని చెప్పండి. మందులతో మోకాలి నొప్పి తగ్గకపోతే తుంటి కూడా చూడమని అడగండి. పేరులేని పొడి ముట్టుకోకండి. ఉస్మానియాలో చూస్తారు. నిమ్స్ అయితే పుట్టిందే నిజాం ఎముకల ఆసుపత్రిగా. వెళ్లి, ఆగితే ఏమవుతుంది, చేయించుకుంటే ఏమవుతుంది అని రెండూ అడగండి. ఆ రెండో ప్రశ్న ఒక్కటే పట్టుకుని నేను ఏళ్లు పోగొట్టుకున్నాను.