దివాలా ప్లీడరుకు ఒక శాలువా

డాక్టర్లకు ఒక రోజుంది, టీచర్లకు ఒక రోజుంది, ఇంజనీర్లకు విశ్వేశ్వరయ్య పుట్టినరోజుంది. సేవా క్లబ్బుల వాళ్లయితే ఏటా వేదికెక్కి ఒకరి భుజాల మీద ఒకరు శాలువాలు కప్పుకుంటారు. ఇన్ని సన్మానాల మధ్య ఐపీ వేయించే ప్లీడరు మెడలో మాత్రం ఒక్క దండ పడదు. నైపుణ్యం తక్కువా? కాదు. సమాజ సేవ లేదా? అప్పులవాళ్ల చేతిలోంచి నిండు మనిషిని విడిపించి ఇంటికి చేర్చడం సేవ కాకపోతే, పల్లీపట్టీలు పంచి ఫొటో దిగడమా సేవ? కోవిల్‌పట్టి, విరుదునగరం చుట్టుపక్కల తమిళనాటి నల్లరేగడిలో తరాలుగా పత్తీ అప్పులూ కలిపి పండిస్తున్న తెలుగువాళ్ల తరఫున, వాళ్లెవరూ అడక్కపోయినా, ఈ కాలమ్ ద్వారా ప్రతిపాదిస్తున్నాను. దివాలా ప్లీడర్లకు ఘనసన్మానం జరగాలి. అది ఎట్టయాపురంలో జరగాలి.

మొదట విరుదునగరం అనుకున్నాను. నూనెకీ పప్పులకీ మిరపకాయలకీ ధర పలికే ఊరు. అప్పిచ్చేవాడూ ఎగ్గొట్టేవాడూ ఒకే వీధిలో కాఫీ తాగుతారు. కానీ ఆ ఊరి కథ ఒకటి భయపెట్టింది. ఊరూరా గెలిచిన బిరుదు జెండాలు మోసుకుంటూ ఒక వీరుడు వచ్చాడట. స్థానికుడొకడు వాణ్ణి ఓడించి జెండాలన్నీ నరికేశాడట. అలాంటి చోట అవార్డులు పంచడం క్షేమం కాదు.

ఎట్టయాపురం అలా కాదు. తెలుగు జమీందార్లు ఏలిన ఊరు. వాళ్ల ఆదరణతోనే సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో అచ్చువేయించారు. కట్టబొమ్మన్‌ని తెల్లవాళ్లకు పట్టిచ్చాడన్న నింద పడ్డందుకు ఇక్కడి జమీందారు ఎట్టప్పన్ పేరు తమిళనాట తిట్టుగా నిలిచిపోయింది. పేరు చెడ్డవాళ్ల బాధ ఈ ఊరికి చెప్పక్కర్లేదు. పైగా దివాలాకు ఇక్కడ ఘనమైన చరిత్రే ఉంది. సుబ్రహ్మణ్య భారతి తండ్రి చిన్నస్వామి అయ్యరు ఇక్కడ పత్తి మిల్లు పెట్టాడు. చుట్టూ పత్తి చేలే, సరుక్కి కొదవలేదు. తెల్లవాళ్ల పోటీకి నిలవలేక మిల్లు మునిగింది, పెట్టుబడి పోయింది, 1898లో ఆయనా పోయాడు. మంచి ప్లీడరు దొరికుంటే మిల్లు మునిగేది, అయ్యరు తేలేవాడు. కంపెనీ వేరు, తాను వేరు అన్న చిన్న సంగతి తెలియకపోవడమే ఆ కాలం పెట్టుబడిదారుల లోపం.

ఇంతకీ ఐపీ ప్లీడరు చేసే పనేమిటో బయటివాళ్లకు సరిగా తెలియదు. చట్టం 1920 నాటిది. అప్పు 500 రూపాయలు దాటి, తీర్చే స్తోమత లేదని చెప్పుకుంటే చాలు, తలుపు తట్టొచ్చు. ఆ 500 అలాగే ఉంది, రూపాయే ఎటో పోయింది. ప్లీడరు ఆస్తుల పట్టీ, అప్పుల పట్టీ రాయిస్తాడు. మొదటిది అరపేజీ. రెండోదానికి విడిగా కాగితాలు కుట్టాలి. అందులో పేరున్న ప్రతివాడికీ నోటీసు వెళ్తుంది. తమిళనాట దాన్ని పసుపు నోటీసంటారు. పసుపంటే పెళ్లిపిలుపు అనుకునే మనవాళ్లకు అది మొదట్లో కొంత తికమకే. కవరు తీసిన మిరపకాయల వ్యాపారికి, తాను ఇన్నాళ్లూ అప్పిచ్చిన ఆసామిని కాననీ, ఫలానా ఐపీలో ఏడో ప్రతివాదిననీ తెలిసొస్తుంది. డబ్బు పోయినవాడు ప్రతివాది, డబ్బు తిన్నవాడు పిటిషనరు! ఈ ఒక్క మలుపుకే పద్మశ్రీ ఇవ్వొచ్చు.

అసలు నైపుణ్యం ముహూర్తం పెట్టడంలో ఉంది. పిటిషను వేసే ముందు రెండేళ్లలో ఆస్తి చేతులు మారితే, ఆ రాతకోతలను కొట్టేయించే దారి 53వ సెక్షన్‌లో రిసీవరుకు ఉంది. కనుక చేయి తిరిగిన ప్లీడరు దివాలాకు రెండేళ్ల ముందే పని మొదలుపెడతాడు. కొట్టు కళకళలాడుతుంటుంది, పండక్కి బోనస్ పంచుతుంటారు, అప్పులిచ్చేవాళ్లు వరసలో నిలబడుంటారు. అదే నెలలో ఇల్లు భార్య పేరుకీ, పొలం బావమరిది పేరుకీ మారుతుంది. పెళ్లికి ముందు ఆ పెళ్లి నిమిత్తం రాసిచ్చిన ఆస్తికీ, నిజాయితీగా డబ్బిచ్చి కొన్నవాడికీ చట్టం మినహాయింపు ఇచ్చింది. మా వైపు కొన్ని పెళ్లిళ్లు హఠాత్తుగా కుదరడం వెనక జాతకాలే ఉంటాయని నమ్మేవాళ్లను నమ్మనిద్దాం.

సబ్‌కోర్టు వరండాలో చెమటోడ్చే ఈ ప్లీడర్లను చూస్తే, 2016 దివాలా చట్టం కింద ఎదిగిన వాళ్ల పట్నం తమ్ముళ్లు నవ్వుకుంటారు. వాళ్లది కంపెనీల దివాలా. గడప ఎత్తు 2020 మార్చి నుంచి కోటి రూపాయలు, అంతకన్నా తక్కువ బాకీకి ఏ కంపెనీ మీదా దివాలా పిటిషను వేయలేం. అంటే ఓ కంపెనీకి 80 లక్షల సరుకు అరువిచ్చిన మన వ్యాపారి బాకీ ఆ గడప దగ్గర బాకీ కిందకే రాదు. ఇక మామూలు మనిషి దివాలా గురించి అదే చట్టంలో ఒక భాగం రాశారు గానీ, 2019 డిసెంబరులో కంపెనీ అప్పులకు హామీపడ్డవాళ్ల వరకు తెరిచి మిగతాది తాళం వేసి ఉంచారు. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కూలీకి 1920 నాటి పాత తలుపే గతి.

పెద్దల తలుపు దగ్గర జరిగే సేవ చూడండి. వీడియోకాన్ కంపెనీలు బాకీపడ్డది 64 వేల కోట్లకు పైమాట. 2021లో ముంబై ట్రిబ్యునల్ ఒప్పుకున్న పథకంలో దక్కేది మూడు వేల కోట్ల లోపు, రూపాయికి నాలుగు పైసల పైచిలుకు. బ్యాంకులవాళ్లు దీన్ని క్షవరం అంటారు. తిరుమల కళ్యాణకట్టలో మొక్కుకున్నవాడి తలే గొరుగుతారు. ఇక్కడ మొక్కు యజమానిది, గుండు బ్యాంకుది. తర్వాత 2022 జనవరిలో అప్పీలు ట్రిబ్యునల్ ఆ పథకాన్ని పక్కన పెట్టిందనుకోండి. వాదించినవాళ్ల ఫీజులు మాత్రం పక్కన పెట్టలేదు. దివాలా ప్రక్రియలో వృత్తి నిపుణుల ఖర్చే ముందు చెల్లుతుంది, బాకీలు వాటి వెనకాల నిలబడతాయి. సేవ చేసేవాడు బతికుంటేనే కదా సేవ!

ఈ సేవ అందని మనుషులూ ఉన్నారు. 2017 అక్టోబరు 23న తిరునెల్వేలి కలెక్టరేట్ ఆవరణలో ఒక కూలీ కుటుంబం ఒంటిమీద కిరసనాయిలు పోసుకుని నిప్పంటించుకుంది. తండ్రి, తల్లి, ఇద్దరు చిన్నపిల్లలు. కందువడ్డీకి తెచ్చిన అప్పుకు అసలు మించి కట్టినా పీడ వదల్లేదని అర్జీ మీద అర్జీ పెట్టుకున్నవాళ్లు. అలాంటి అడ్డగోలు వడ్డీని నిషేధిస్తూ 2003లోనే తమిళనాట చట్టం వచ్చింది. ఆ నలుగురికీ ముందు ముహూర్తం పెట్టి ఒడ్డెక్కించిన ప్లీడరు లేడు. పట్టీలో రాయడానికి ఆస్తి లేనివాడు మంచి కక్షిదారు కాడు.

జీవన సాఫల్య పురస్కారానికి ఎవరన్న ప్రశ్న దగ్గర కమిటీ, అంటే నేను, కొంత ఇరుకున పడ్డాం. ఇక్కడికి దగ్గర్లోని ఒట్టపిడారంలో పుట్టిన వ.ఉ. చిదంబరం పిళ్లై స్వయంగా ప్లీడరు. 1906లో పది లక్షల మూలధనంతో, పాతిక రూపాయల వాటాలతో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి తెల్లవాళ్ల ఓడలతో పోటీకి దిగాడు. 1908లో రెండు యావజ్జీవాలు వేశారు, అప్పీలులో తగ్గించారు. జైల్లో ఎద్దు బదులు ఆయన చేత గానుగ లాగించారు. 1911కి కంపెనీ మూతపడింది, 1912 డిసెంబరులో ఆయన బయటికొచ్చాడు. సన్నదు పోయింది. చాలా ఏళ్ల తర్వాత వాలెస్ అనే తెల్ల జడ్జి అది తిరిగి ఇప్పిస్తే, కొడుక్కి వాలేశ్వరన్ అని పేరు పెట్టుకుని, కోవిల్‌పట్టిలోనే నల్లకోటు తొడుక్కున్నాడు. 1936లో పోయేముందు రాసిన వీలునామాలో తాను తీర్చాల్సిన బాకీలన్నీ పూస గుచ్చినట్టు రాశాడు.

నియమాల ప్రకారం ఈ దరఖాస్తు తిరస్కరించక తప్పలేదు. కంపెనీ మునుగుతున్నప్పుడు లోపల ఉన్నాడు, సరే. విడుదలయ్యాక లండన్ వెళ్లొచ్చుగా? వెళ్లలేదు. బాకీల పట్టీ రాసింది కోర్టుకు కాదు, వారసులు తీర్చాలని. వృత్తి ధర్మానికి ఇంతకన్నా విరుద్ధమైన పని ఏ ప్లీడరూ చేసి ఉండడు.

కాబట్టి మొదటి బహుమతి ఈ ఏడాదికి ఖాళీ. మిగతా ఏర్పాట్లు ఎట్టయాపురంలోనే సాగుతున్నాయి. భారతి మణిమండపం వైపు చోటు చూశాం. పల్లీపట్టీలు కోవిల్‌పట్టి నుంచి వస్తాయి, వాటికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కనుక నాణ్యతకు ఢోకా లేదు. చిక్కల్లా షామియానా వాడితోనే. కార్యక్రమం ఎవరి కోసమో చెప్పగానే అద్దె మొత్తం ముందే కట్టమన్నాడు, చెక్కు వద్దన్నాడు, నోట్లు వెలుతురుకు పెట్టి చూశాడు. అంత అపనమ్మకమేమిటని కాస్త గట్టిగా అడిగాను. గల్లాపెట్టె కిందనుంచి పసుపు కవరొకటి తీసి చూపించాడు. పదకొండో ప్రతివాది.