బోర్డులో చుట్టాల మాట లేదండి

మా రాజమండ్రి దానవాయిపేటలో ఏ అపార్ట్‌మెంటు గేటు చూసినా రెండు బోర్డులుంటాయి. ‘సేల్స్‌మెన్‌కు ప్రవేశం లేదు’, దాని కింద ‘కుక్క ఉన్నది జాగ్రత్త’. మా గేటు కుక్క పోయి చాలాకాలమైంది. బోర్డు మాత్రం విశ్వాసంగా కాపలా కాస్తోంది.

ఆ ‘ప్రవేశం లేదు’ బోర్డుకి మర్యాద ఇచ్చేది సేల్స్‌మన్ ఒక్కడే. మెడకి టై, భుజాన వాటర్ ఫిల్టర్ సంచీతో వచ్చిన కుర్రాడు దాన్ని చదివి, ఉసూరుమంటూ పక్క గేటుకి పోతాడు. కడియం మొక్కలాయన చదవడు. సరిగ్గా దాని కిందే బండి ఆపి, “మల్లే, మందారం, కరేపాకూ...” అని కేకేస్తాడు. బోర్డు రాయించిన సెక్రటరీగారి భార్యే బాల్కనీలోంచి అందుకుంటారు.

“ఏవయ్యా, మొన్నటి మల్లి మొగ్గే తొడగలేదు!”

“మొక్కతో కాస్త మాటాడుతుండాలండి, ఆయ్.”

“ఇంట్లో మనిషితో మాట్లాడ్డానికే తీరిక లేదు!”

అంటూనే ఇంకో రెండు కుండీలు పైకి తెప్పించుకుంటారు. ఇక ధనుర్మాసంలో హరిదాసు వస్తే, అసలాయన ఏమీ అడగడు. నెత్తిన అక్షయపాత్రతో కీర్తన పాడుకుంటూ సాగిపోతుంటే, బియ్యం గిన్నెతో పరిగెత్తేది మనమే.

వీధుల్లో తిరుగుతూ అమ్ముకునేవాళ్లకి 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం అండగా ఉంది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వాళ్ల ప్రతినిధులే ఉండాలట. మా అపార్ట్‌మెంటు కమిటీలో అద్దెకున్నవాళ్లకి కుర్చీ కూడా వెయ్యరు.

గడప తొక్కేవాళ్ల సంగతి వేరు. 2021 డిసెంబరులో కేంద్రం డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలకి నిబంధనలు తెచ్చింది. ఆ కంపెనీల సరుకు అమ్మేవాళ్లు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా మన అనుమతి తీసుకోకుండా ఇంటికి రాకూడదు. రాసినవారికి చుట్టాలు లేరనుకుంటాను. మన దేశంలో ఆ సరుకు తెచ్చేది ఎవరు? పిన్నిగార్లు, తోడల్లుళ్లు!

మా పిన్ని అమలాపురం నుంచి పూతరేకులతో దిగింది. భోజనాలయ్యాక సంచీలోంచి ప్రొటీన్ పొడి డబ్బాలు తీసింది. ధైర్యం చేసి, “పిన్నీ, గుర్తింపు కార్డు ఉండాలంట కదా?” అన్నాను.

“కార్డు చూస్తేగానీ గుర్తుపట్టలేవురా నన్ను? ఎత్తుకుని పెంచాను!”

రెండు డబ్బాలు కొన్నాను. ఆవిణ్ణి ఆటో ఎక్కించి వచ్చి, ఎలా వదిలావయ్యా అని వాచ్‌మన్ని నిలదీశాను.

“చుట్టాల మాట బోర్డులో లేదండి, ఆయ్,” అన్నాడు. అతని బల్ల మీదా ఓ డబ్బా ఉంది.