చలానా కట్టకండి, పండనివ్వండి

మా నారాయణఖేడ్‌లో కొత్త బండి కొన్న రోజు పూజ చేయిస్తాం, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం, మిర్చి దండ కడతాం. ఆ దండను సరిగ్గా నంబర్ ప్లేటు మీదికి వేలాడేటట్టు కట్టినవాడే అసలైన భక్తుడు. సంగారెడ్డి దాటి లింగంపల్లి వైపు పోయేటప్పుడు దండ ఒక్కటే చాలదు. వెనక కూర్చున్నవాళ్ల చున్నీ ఉంది, చీర కొంగు ఉంది, కరోనా పోయినా ఇంట్లో మాస్కులు మిగిలే ఉన్నాయి. ఏదో ఒకటి ప్లేటుకు తొడగండి. హైదరాబాదులో ఇట్లా అంకెలు దాచినవాళ్ల మీద పోలీసులు చీటింగ్ కేసులు పెట్టారు. హెల్మెట్ లేనందుకు మనకు ఏళ్ల తరబడి అలవాటైన లెక్క 135 రూపాయలు: వంద జరిమానా, 35 యూజర్ చార్జీలు. ఆ 135 మిగుల్చుకోవడానికి ఒక క్రిమినల్ కేసు. బేరం బాగానే ఉంది.

చలానా ఉందో లేదో చూడకపోవడమే ఆరోగ్యం. చూసి తీరతానంటే తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైటు తెరిచి బండి నంబరు కొట్టాలి. ఏ బండిదన్నది ముందు ఇంట్లో తేల్చుకోండి. తాతది ఏపీ 23, ఉమ్మడి మెదక్ నాటిది. నాయినది టీఎస్ 15. 2024 మార్చి తర్వాత కొన్న కొడుకుది టీజీ 15. ఒకరి నంబరు బదులు ఇంకొకరిది కొడితే ఎవరి బండారమో బయటపడుతుంది.

తేదీ, చోటు, తప్పు, జరిమానా వరుసగా వస్తాయి. పక్కనే ఫొటో. దాన్ని మాత్రం నలుగురి ముందు తెరవకండి.

“గది నేను గాదు నాయినా.”

“మరి గా గళ్ల అంగీ ఎవనిదిరా? మొన్న దసరాకు నేనే కుట్టిస్తి గద.”

నిజంగానే ఫొటోలో ఉన్నది వేరే బండయితే, అంకె ఒకటి తప్పుగా చదివి మీకు అంటగడితే, ఫొటోలోని కంపెనీ, రంగు మీ ఆర్‌సీతో పోల్చి చూసి ఫిర్యాదు పంపుకోవచ్చు. కానీ మనం పంపం. బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ సర్కారును తిడతాం. అందులో ఉన్న తృప్తి ఫిర్యాదులో ఎక్కడిది?

ఇప్పుడు అసలు విద్య. చలానా వచ్చిన వారంలో కట్టేవాడు అమాయకుడు. దాన్ని మామిడికాయలాగా గడ్డిలో పెట్టి మాగనివ్వాలి. ఈ మాట నేను చెబుతున్నది కాదు, సర్కారే రెండుసార్లు చేసి చూపించింది. 2022 మార్చిలో టూవీలర్లకు 75 శాతం మాఫీ అన్నారు. నెలాఖరుకే అయిపోతుందని జనం ఉరికితే, ఏప్రిల్ 15 దాకా పొడిగించారు. తర్వాత ప్రభుత్వం మారింది, పద్ధతి మారలేదు. 2023 డిసెంబర్ 26న మళ్లీ తలుపు తీశారు, ఈసారి టూవీలర్లకు 80 శాతం. జనవరి 10 గడువు జనవరి 31 అయింది, అది ఫిబ్రవరి 15 అయింది. కాబట్టి ఆఖరు తేదీ అన్నది విన్నప్పుడు తొందరపడకండి, అది మొదటి ఆఖరు తేదీ మాత్రమే. ఆర్టీసీ బస్సులకైతే 90 శాతం. సర్కారు బస్సుకు సర్కారు జరిమానా, దానిమీద సర్కారు రాయితీ! 2022 జాబితాలో తోపుడు బండ్లు కూడా ఉన్నాయి, 80 శాతంతో. నంబర్ ప్లేటే లేని బండి వరుసలోకి ఎట్లా ఎక్కిందో గానీ, అరటిపండ్ల ఆయనకు న్యాయం జరిగింది.

ఎటొచ్చీ నష్టపోయింది వచ్చిన చలానా వచ్చినట్టు నూటికి నూరు కట్టిన మాస్టారే. ఆయనకు వాపసు ఎవరూ ఇవ్వలేదు. ఊళ్లో ఆయన్ను చూసి ఎవరూ ఏమీ నేర్చుకోలేదు, నేర్చుకుంటారని ఎవరూ అనుకోనూ లేదు.

బీదర్ పోయి తెచ్చుకున్న చలానాది వేరే ఖాతా. కర్ణాటక లెక్క కర్ణాటకదే, మన పోలీసు సైటులో కనబడలేదని మురిసిపోకండి. అక్కడా మన విద్య చెల్లుతుంది లెండి: 2023 ఫిబ్రవరిలో వాళ్లూ సగానికి సగం తగ్గించారు.

ఇన్ని తంటాలు ఎందుకు, చలానా ఇంటికే రావాలంటే వాట్సాప్ ఉంది. ‘మీ బండికి చలానా పడింది’ అంటూ ఏపీకే ఫైలు ఒకటి వస్తుంది. నొక్కండి, అది అడిగిన పర్మిషన్లన్నీ ఇవ్వండి. 135 కోసం రెండేళ్లు రాయితీకి ఎదురుచూసిన మనిషి ఖాతా రెండు నిమిషాల్లో ఊడ్చుకుపోతుంది, అదీ ఓటీపీలతో సహా. 2023 చివర రాయితీ ప్రకటించగానే అచ్చం పోలీసు సైటులాంటి నకిలీ సైటు కూడా తయారైంది. పైసలు పోయాక ఫోన్ చేయాల్సిన నంబరు 1930. వెంటనే చేస్తే కొంతయినా ఆపగలుగుతారు గనక, మన అలవాటు ప్రకారం అది కూడా మాగనిచ్చి చేయండి.

ఇక పాత బండి అమ్మే పద్ధతి. పైసలు లెక్కపెట్టుకోండి, ఆర్‌సీ చేతిలో పెట్టండి, చాయ్ తాగి రండి. ఫారం 29, ఫారం 30 అంటూ ఆర్టీఏ ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారు? కొన్నవాడు ఏ తండాలో తిప్పుతున్నాడో, ఎవరికి తిరిగి అమ్మాడో మీకు తెలియదు, చలానాలు మాత్రం మీ పేరు మీదే వస్తూ ఉంటాయి. అవైనా నయం. చట్టప్రకారం బండి చేతులు మారిందని అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి. పేరు మారని బండి ఎవరినైనా గుద్దితే, రిజిస్టర్‌లో పేరున్నవాడే ఓనరని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పరిహారం లక్షల్లో ఉంటుంది, దానిమీద ఏ సర్కారూ 80 శాతం రాయితీ ప్రకటించదు.