విశ్రాంత రైఫిలు

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పరుగెత్తనవసరం లేని ఒలింపిక్ క్రీడ. అందుకే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ విశ్రాంత ఉద్యోగులకు ఇది తేలికగా కనిపిస్తుంది. స్వీడన్ షూటర్ ఆస్కార్ స్వాన్ 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో 72 ఏళ్ల వయసున రజతం గెలిచాడన్న వాట్సాప్ సందేశంతో ఆసక్తి మొదలవుతుంది. ఆయన 1908లోనే రెండు స్వర్ణాలు గెలిచాడన్న ముక్క ఆ సందేశంలో ఉండదు.

రాష్ట్ర షూటింగ్ రేంజి గచ్చిబౌలిలో, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉంది. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి ఆటో పట్టాలి. 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ మన హైదరాబాదీయేనని పక్క సీటాయనకు వివరంగా చెప్పడానికి ఈ దూరం చాలు.

లక్ష్యం మీది నల్లటి వృత్తం 30.5 మిల్లీమీటర్లు, దాని నడుమ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ముందు సైటు స్పష్టంగా ఉండాలి, టార్గెట్ మసకబారినా ఫర్వాలేదని మనవరాలి ఈడు కోచ్ చెబుతుంది. ముప్పై ఏళ్లు టార్గెట్ల మీదే రివ్యూ మీటింగులు నడిపిన అధికారికి ఇది మింగుడుపడదు.

రైఫిలు బరువు 5.5 కిలోలు మించకూడదు. దాన్ని కండరం కాదు, ఎముక మోయాలి. ఎడమ మోచేయి తుంటిపై ఆనాలి. అంకుల్ మోచేయి తుంటిదాకా చేరదు, పొట్ట మీదే ఆగుతుంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా రైఫిలు తలాడిస్తుంది. కళ్లు మూసి తెరిచేసరికి గొట్టం పక్కకు పోయి ఉంటే చేతులతో లాగకూడదు, పాదాలు జరుపుకోవాలి. కొత్తవారు సాధారణంగా టార్గెట్‌ను జరపమంటారు.

ఊపిరి సగం వదిలి, ఆపి, కొద్ది సెకన్లలో ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కాలి. కుదరకపోతే పేల్చకుండా దించేయాలి. ఫైళ్ల విషయంలో ఈ సూత్రాన్ని సర్వీసంతా పాటించినవారికి కూడా ఇక్కడ అది వంటబట్టదు. కారణం, దించినదాన్ని మళ్లీ ఎత్తాలి.

గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, పేల్చే క్షణందాకా వేలు ట్రిగ్గర్‌పై పెట్టకూడదు. పిలిస్తే గిరుక్కున తిరిగే మనిషితోపాటు గొట్టమూ తిరుగుతుంది గనక ‘‘అంకుల్, చాయ్’’ అని వెనుక నుంచి ఎవరూ పిలవరు. పెల్లెట్లు సీసంవి, చేతులు సబ్బుతో కడిగాకే సమోసా.

మొదటి రోజు పెల్లెట్లు కాగితమంతా పరుచుకుంటాయి. కోచ్ చూసేది అవి నడిమధ్యన పడ్డాయా అని కాదు, ఒక్కచోట పడ్డాయా అని. చోటు తప్పితే సైటు మర తిప్పి సరిచేయవచ్చు. చెల్లాచెదురుకు మర లేదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల కింద పెరిగినవారి లెక్క వేరు: వందలో ఒక్కటి నల్లటి వృత్తంలో పడితే దాన్నే ఫొటో తీసి స్టేటస్ పెట్టాలి, మిగతా తొంభై తొమ్మిదింటి ఊసెత్తకూడదు.

2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్లు మించని 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు; .22 రైఫిల్‌కు కావాలి. శిక్షణ ముగిశాక ఆదివారం సాయంత్రం చేతికిచ్చే సర్టిఫికెట్టు మొదటిదానికి అవసరం లేదు, రెండోదానికి చాలదు. సోమవారానికల్లా దానికి ల్యామినేషన్ మాత్రం అయిపోతుంది.