ద్విచక్రధరుడు

దూరపు కొండలు నునుపన్న సామెత పుట్టినది మన దేశమునందే యైనను, దానికి నిలువెత్తు నిదర్శనము మాత్రము ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున, ప్రొవాన్స్ సీమలో, ద్రాక్షతోటల నడుమ ఒంటరిగా నిలిచియున్నది. దాని పేరు మోఁ వాంతూ; ఎత్తు 1,900 మీటర్లకు పైచిలుకు. దూరమునుండి చూచువారికి నడివేసవిలో సైతము దాని శిఖరము మంచు పేరుకొన్నట్లు తెల్లగా, నున్నగా, వెన్నముద్దవలె కానవచ్చును. దగ్గరకు పోయినచో మంచును లేదు, వెన్నయు లేదు. చెట్టుచేమ మొలవని సున్నపురాతి గుట్ట మాత్రము కలదు. తెలుగు చెవికి ఆ పేరు వాంతిని స్మరింపజేయుట కేవలము యాదృచ్ఛికము. కాని సైకిలుపై దాని నెక్కినవారిలో పలువురు ఆ నామము సార్థకమేయని ప్రమాణము చేసి చెప్పగలరు.

ఈ పర్వతము నాశ్రయించుకొని వేసవి గడపు ఒక విశిష్ట మానవజాతిని గూర్చి ముచ్చటింపదలచితిని. శ్రీమహావిష్ణువు ఒక్క చక్రమును ధరించి చక్రధరుడని పేరొందెను. నా కథానాయకుడు రెండింటిని ధరించును. ధరించుటయే కాక, దొంగల భయముచేత వానిని బసలోని మూడవ అంతస్తునకు భుజముపై మోసికొనిపోయి, మంచము ప్రక్కన గోడకానించి, దీపమార్పుటకు ముందు ఒకమారు నిమిరి నిద్రించును. కావున నితనిని ద్విచక్రధరుడని వ్యవహరింతును. ఇతడు పందెములకు పోవువాడు కాడు. వృత్తిచేత దంతవైద్యుడో, దస్తావేజులు వ్రాయు నోటరీయో, పదవీవిరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయుడో అయి యుండును. దేశముచేత తరచుగా హాలెండువాడో బెల్జియమువాడో. పుట్టినది మొదలు బల్లపరుపు నేల తప్ప ఎరుగనివాడగుటచే కొండయన్న నతనికి లేమిలో పుట్టినవానికి విందుభోజనమువంటిది. వయస్సు ఏబదికి అటునిటు. ఆ యీడున కొందరికి వైరాగ్యము కలుగును; కొందరికి రెండవ పెండ్లిపై మనసు పోవును; ఇతని మనసు కార్బను సైకిలుపై పోయినది. మూడింటిలో ఇదియే నయమని ఇల్లాలు మిన్నకున్నది.

పందెపు సైకిలు బరువు 6.8 కిలోలకు తగ్గరాదని అంతర్జాతీయ సైకిలు సమాఖ్యవారి శాసనము. పందెములకే పోని మనవానికి ఆ శాసనము వర్తింపదు గనుక, అతడు అంతకంటెను తేలికయైన వాహనమునకై జీతమును, నిద్రను ధారపోయును. నీళ్లసీసా నిలుపు తొడుగునకు ఇనుప మరలు తీసి టైటేనియపు మరలు వేయించి పదునాలుగు గ్రాములు మిగిల్చిన వృత్తాంతమును, పొలము కొన్న కాపు సరిహద్దులు చెప్పినంత వివరముగా, నాకు రెండు మార్లు వినిపించెను. అట్లు వినిపించుచునే ఒక గుండ్రని మేకపాల చీజును, అరసోలెడు వెన్నను, పొడుగుపాటి రొట్టె నొకదానిని సాంతముగా ఆరగించెను. నడుము చుట్టును పేరుకొన్న పది కిలోల ఆస్తి పిత్రార్జితము కాదు, స్వార్జితము. దాని జోలికి పోవు హక్కు ఏ గ్రామునకును లేదు.

ఇక వేషము. ఒంటికంటుకొని, ఒంటిలోని సర్వరహస్యములను లోకమునకు చాటు దుస్తులు; వీపున మూడు జేబులు; వానిలో ఒక అరటిపండు, ఒక రబ్బరు ట్యూబు, ముద్రలు వేయించుకొనవలసిన ఒక అట్ట. గాలి కడ్డుపడునని కాళ్లమీది రోమములను నున్నగా గొరిగించుకొనును. బూట్ల అడుగున పెడలును కరచిపట్టు కొక్కెము లుండుటచే, బండి దిగి కాఫీ హోటలులోనికి వచ్చునపుడు అరుగుమీద గుఱ్ఱము నడచినట్లు టకటకలాడుచు, పడుట యొకటి తక్కువగా వచ్చి కూర్చుండును.

నేనతనిని ఎరిగినది కొండపాదమునగల బెద్వాఁ గ్రామమున, ప్లేను చెట్ల నీడన వెలసిన ఒక కాఫీ హోటలులో. మనము ఊరిని గుడిని బట్టియో, చెరువును బట్టియో, అచ్చట కాపురమున్న మేనత్తను బట్టియో గుర్తింతుము. ఇతడు రోడ్డు నూటికెంత లేచునో దానిని బట్టి గుర్తించును. ఎఱ్ఱమట్టి కొండచరియల కెంపుకాంతికై లోకమంతయు పోయి చూచి వచ్చు రూసియాఁ గ్రామము ఎట్లున్నదని అడిగితిని. ‘చివర కొంచెము ఎక్కుడు’ అనెను. నెస్క్ నది కోసిన లోయ? ‘ఎదురుగాలి.’ కనుచూపుమేర ఊదాపూల లావెండరు తోటలుగల సో పీఠభూమి? ‘తేనెటీగలు మెండు, నోరు మూసికొని తొక్కవలెను.’ ప్రొవాన్స్ గ్రామములలో శతాబ్దములనాటి రాతి జలధారలు కలవు గదా, వాని శిల్పము నెట్లు మెచ్చితిరని కడపటి యాశతో అడిగితిని. అందులకు మాత్రము అతని ముఖము వికసించెను. ఏ ఊరి ధార క్రింద సీసా నిలువుగా పట్టునో, దేనిక్రింద వంచి పట్టవలెనో అనర్గళముగా చెప్పుకొనిపోయెను.

ఇతనికొక గురుపరంపర కలదు. ఆదిగురువు పోల్ ద వివీ. వెలోసియో అన్న కలముపేరుతో ప్రసిద్ధుడు. 1853లో ఈ కొండకు చేరువనున్న పెర్న్ లే ఫోంతేన్ గ్రామమున జన్మించి, సాంతెత్యేన్ నగరమున సైకిళ్ల వ్యాపారము చేయుచు, పత్రిక నడపుచు, ఎక్కుడునకొక పండ్లచక్రము, పల్లమునకొక పండ్లచక్రము ఉండవలెనని గేర్లకై జీవితాంతము వాదించిన మహానుభావుడు. గేరు మార్చుట ముసలివారికి తగునుగాని మగసిరి కలవానికి తగదని నమ్మిన టూర్ ద ఫ్రాన్స్ స్థాపకుడు దెగ్రాంజ్ వంటివారి మూలమున, ఆ పందెమున గేరు మార్చు యంత్రమునకు 1937 దాక ప్రవేశమే లేకపోయెను. ఆ వెలోసియో శిష్యులకు ఏడు ఆజ్ఞలు విధించి పోయెను. ఆకలి కాకమునుపే తినుము, దప్పి కాకమునుపే త్రాగుము అన్నది యొకటి. దీనిని మనవాడు ప్రాణప్రదముగా పాటించును. గొప్పకై తొక్కకుమన్నది ఏడవది. అదేమి చిత్రమోగాని, ఏ శిష్యుని నడిగినను ఆరింటిని అప్పగించి, ఏడవదానికి వచ్చునప్పటికి నీళ్లసీసా నందుకొనును.

బెద్వాఁనుండి శిఖరమునకు 21 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తు సుమారు 1,600 మీటర్లు. మొదటి అయిదారు కిలోమీటర్లు ద్రాక్షతోటల నడుమను, చెఱ్ఱీతోటల నడుమను కొత్త అల్లుని ప్రయాణమువలె సాగును. అప్పుడతడు మాటకారి, ప్రక్కవానికి నిరుటి కొండలన్నియు వర్ణించును. సెంతెస్తేవ్ మలుపు తిరిగి అడవిలో ప్రవేశించుటతో ఆ సంభాషణ, ఎత్తిన వాక్యము ఎత్తినట్లే, తెగిపోవును. అక్కడినుండి నూటికి తొమ్మిది పది చొప్పున లేచు వాలు. తిరుమల మెట్లదారిలోని మోకాళ్ల పర్వతము తొమ్మిది కిలోమీటర్లు సాగినచో ఎట్లుండునో అట్లు. గాలి ఆడదు, ఈగలు మాత్రమాడును, మనుష్యుడు తమకంటె మెల్లగా పోవుచున్నాడని గ్రహించి ముక్కుమీదనే విడిది చేయును. కిలోమీటరు కొకటి చొప్పున రాళ్లు నాటి, చేరిన ఎత్తెంతయో, రానున్న వాలెంతయో వానిపై చెక్కించినారు. అధికారుల ఉద్దేశము ఉపకారమే యైనను, ఆ రాళ్లను అతడు చిత్రగుప్తుని చిట్టాను పాపి చదివినట్లు చదువును. లోకమంతయు తృణప్రాయమని అతనికి ఆ అడవిలో తోచును. చెమట ఆరినంతనే ఆ వేదాంతము కూడ ఆరిపోవును.

ఈ ఒక్క ఎక్కుడుతో తృప్తినొందువాడు సామాన్యుడు. బెద్వాఁ, మలోసేన్, సో అను మూడు ఊళ్లనుండి మూడు రోడ్లు శిఖరమునకు పోవును. ఒక్కదినముననే మూడింటిని ఎక్కి దిగి, సుమారు 136 కిలోమీటర్లు తొక్కి, ఊరూరను అట్టపై ముద్ర వేయించుకొన్నవానిని సభ్యునిగా చేర్చుకొను సంఘ మొకటి 1988లో వెలసినది. దాని పేరునందలి సాంగ్లే అను మాటకు పిచ్చివారని యర్థము. మన వీథిలో ఒకనిని పిచ్చివాడన్నచో తగవగును. ఇచ్చట ఆ బిరుదమునకు ముద్రలతో సహా రుజువు చూపవలెను. మనవాని జేబులోని అట్ట అదియే. దానిపై నాటికి రెండేండ్లుగా ఒక్క ముద్రయే యున్నది.

శిఖరమున కొకటిన్నర కిలోమీటరు ఈవల ఒక శిలాఫలకము కలదు. 1967 జూలై 13న టూర్ ద ఫ్రాన్స్ పందెమున, మండుటెండలో, ఇంగ్లీషు వీరుడు టామ్ సింప్సన్ ఆ వాలుమీదనే కూలి మరణించెను. అచ్చట మనవాడు దిగునప్పుడు ఆగి, టోపీ తీసి, నీళ్లసీసా నొకదానిని ఆ రాతిమెట్లపై ఉంచి పోవును. ఆ సీసా ఎన్ని గ్రాములని అతడు లెక్కింపడు. నేనును అచ్చట హాస్యమాడను.

ఒకనాటి యుదయమున ఈ మహాకార్యమును కన్నులార చూడవలెనని నేను బయలుదేరితిని. నాది సుఖమెరిగిన శరీరము. సో గ్రామమునుండి పోవు రోడ్డు 26 కిలోమీటర్లైనను మెత్తనిదని విని, అచ్చట ఒక విద్యుత్ సైకిలును అద్దెకు గొని, లావెండరు వాసన పీల్చుకొనుచు, ఈలవేయుచు, షాలే రెనార్ అనుచోటికి చేరితిని. బెద్వాఁ రోడ్డు అక్కడ వచ్చి కలియును. పిమ్మట ఆరు కిలోమీటర్లు బోడిరాళ్ల సీమ. అచ్చట నా మిత్రుడు రోడ్డు ఈ యంచునుండి ఆ యంచునకు, ఆ యంచునుండి ఈ యంచునకు గోమూత్రికాబంధమును రచించుచు వచ్చుచుండెను. నేనతనిని దాటితిని. దాటుచు, చెప్పుటకు సిగ్గగుచున్నది, నమస్కరించితిని. మడికట్టుకొన్న శ్రోత్రియుడు పొయ్యిమీది కుండను తాకిన పిల్లవానిని చూచినట్లు నన్ను చూచి, రెండు శ్వాసలు పోగుచేసికొని, ‘అయ్యా, తమ బండిలో విద్యుత్తున్నది కాబోలు!’ అనెను. ఉన్నదంటిని. ‘అట్లయిన తమరు ఎక్కుటలేదు, తమరిని ఎవరో ఎక్కించుచున్నారు’ అనెను. ఆ మాటకు నేటివరకు నాకు జవాబు దొరకలేదు.

చివరి మలుపులలో ఛాయాచిత్రగ్రాహకు డొకడు కెమేరాతో పొంచి యుండును. వచ్చిపోవువారి బొమ్మ తీసి, కొనుమని చీటీ చేతిలో నుంచును. వానిని కనుగొన్నంతనే నా మిత్రుని వంగిన వెన్ను నిటారైనది; తెరచిన నోరు మూతపడినది; అంతవరకు అపరకర్మలో కూర్చున్నవానివలె నున్న ముఖము పల్లకిలోని పెండ్లికొడుకు ముఖమైనది. వాడు దాటినంతనే మరల గోమూత్రిక.

శిఖరమున మంచుగాలి కొట్టుచుండెను. దక్షిణమున ప్రొవాన్స్ అంతయు, తూర్పున ఆల్ప్స్ శ్రేణి, అరచేతిలోని గీతలవలె కనబడుచుండెను. అచ్చటనే 1336 ఏప్రిల్ 26న పెట్రార్కు మహాకవి తమ్మునితో నిలిచెను. వారు మలోసేన్ వైపునుండి ఎక్కిరి. దారిలో ఒక ముసలి గొల్లవాడు, ఏబదియేండ్ల క్రిందట తానెక్కి చినిగిన బట్టలు తప్ప తెచ్చుకొన్నది లేదని వారించెను. తమ్ముడు నిట్రమైన త్రోవను పోగా, కవి సులువైన త్రోవకై లోయలవెంట తిరిగి తిరిగి మరింత అలసెను. సో రోడ్డు మావంటివారి కాతడే పూర్వుడు. శిఖరమెక్కి, వెంట తెచ్చిన అగస్టీను గ్రంథమును తెరచినంతనే, మనుజులు కొండలను చూచి అబ్బురపడుదురుగాని తమ లోనికి చూచుకొనరను భావము కంటబడి, సిగ్గుపడి, కొండ దిగువరకు నోరు మెదపలేదట.

నా మిత్రుడును ఆల్ప్స్ వైపు చూడలేదు. ఱొమ్మునకు కట్టుకొన్న పట్టీని సరిచేసికొని, హ్యాండిలుపైనున్న యంత్రమును తెరచి, తన హృదయమును పరిశీలించుచుండెను. నిమిషమునకు 171. అంతర్దృష్టి విషయమున కవికిని ఇతనికిని భేదము నాకు కానరాలేదు. కవికి వచనము దొరకినది, ఇతనికి అంకె దొరకినది. అంతలో యంత్రము ఆరిపోయెను. ఎక్కిన ఎక్కుడంతయు లెక్కలోనికి రాక, దీపమువలె కొండెక్కెను. అతడొక క్షణము శిలయై, పిమ్మట అట్టపై చూచి, గొలుసు తుడిచి, ‘మలోసేన్‌లో ముద్ర వేయువాడు పన్నెండున్నరకు భోజనమునకు లేచునేమో’ అని, ఉత్తరపు వాలున దిగిపోయెను. మరల ఎక్కుటకే.

పెట్రార్కు ఆ సాయంకాలమే, సత్రమున వంట యగులోపల, తన యాత్రను గురువునకు లేఖగా వ్రాసితినని చెప్పుకొనెను. చాల ఏండ్లకు తీరికగా చెక్కినదని పండితుల అనుమానము. కొండ నెక్కినవాడు చెప్పుకొనక మానడు. చెప్పుకొనునపుడు కొంత చెక్కక మానడు. నేనును ఆ సాయంకాలమే బసకు చేరి, వాంతూ పర్వతమును సైకిలుపై ఎక్కితినని ఇంటికొక కార్డు వ్రాసితిని. విద్యుత్తను మాటకు దానిపై చోటు చాలలేదు.