గూడ్సు బావగారు

రైలుబళ్లని ఫొటో తీసేవాళ్లలో రెండు శాఖలున్నాయి. వందే భారత్ శాఖవారు సుఖజీవులు. టైంటేబులు చూసుకుని, ఇంట్లో కాఫీ తాగి, బండి వచ్చే వేళకి వెళ్లి, నాలుగు ఫొటోలు కొట్టి, ఇడ్లీ చల్లారకముందే ఇల్లు చేరతారు. గూడ్సు శాఖవారి బతుకు అది కాదు. గూడ్సుకి టైంటేబులుండదు. దేశంలోని ప్రతి పాసింజరు బండి ఆచూకీ చెప్పే ఫోన్ యాప్ కూడా గూడ్సు మాటెత్తితే నోరు విప్పదు. సరుకు నిండితే బయల్దేరుతుంది, దారిస్తే నడుస్తుంది, వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే లూపులైన్లోకి తప్పుకుని కునుకు తీస్తుంది. మా బావగారు ఈ రెండో శాఖలో కొత్తగా చేరారు. ఆయన ముప్పయ్యేళ్లు ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు. ఎప్పుడు కదులుతుందో తెలియనిదాని పక్కన ప్రశాంతంగా కూర్చోవడం ఉద్యోగంలోనే అలవడింది.

ఈ శాఖవాళ్లని పోల్చుకోవడం తేలిక. మీరు రోడ్డు మీద వంతెన చూసిన చోట వాళ్లు ఎత్తు చూస్తారు. చెరువుగట్టు మీద గుడి కనిపిస్తే మీరు దణ్ణం పెడతారు, వాళ్లు సూర్యుడెటున్నాడో చూస్తారు. పొలం కొంటే పట్టాలు కనపడాలి. పెట్టెలకి మనం పెట్టుకున్న పేర్లు వాళ్లకి ఆనవు. బొగ్గు మోసే మూతలేని పెట్టె బాక్స్‌ఎన్, ధాన్యమూ సిమెంటూ మోసే మూతపెట్టె బీసీఎన్. ఒకరోజు అన్నం తింటూ బావగారు ఎన్‌ఎంజీ గురించి ఎత్తుకున్నారు. వయసైపోయిన పాసింజరు పెట్టెల్ని పారెయ్యకుండా, కిటికీలు మూసేసి, సీట్లు పీకేసి, కొత్త కార్లు మోయడానికి వాడతారట.

"రిటైరయిన పెట్టెలు కార్లు మోస్తున్నాయి. మీరు కూరల సంచీ మొయ్యరు" అంది మా అక్కయ్య.

గూడ్సు ఎక్కడ బాగా పడుతుందన్నది కొత్తవాళ్లని పీడించే ప్రశ్న. అందరిలాగే బావగారూ ముందు స్టేషనుకి వెళ్లారు. పదిరూపాయల ప్లాట్‌ఫారం టిక్కెట్టుతో బెజవాడ స్టేషన్లో ఒక పూట గడిపారు. గూడ్సు రానే వచ్చింది, కాకపోతే అవతలెక్కడో మూడు లైన్లు దాటి. ఆ మూడు లైన్ల మీదా మూడు ఎక్స్‌ప్రెస్‌లు. ఆయన ఫొటోలో స్పష్టంగా పడింది ఒక ఏసీ పెట్టె, ఒక సమోసాల బుట్ట.

దాంతో అందమైన చోటు వెతుక్కున్నారు. బొర్రా గుహలు చూపిస్తానని కుటుంబాన్ని అరకు బయల్దేరదీశారు. గుహల మీద ఆయనకి ప్రేమేమీ లేదు. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను అది. కొండలు, లోయలు, 58 సొరంగాలు. నిజంగానే ఖనిజం బండి ఎదురైంది. కానీ ఈయన కూర్చున్నది అద్దాల పెట్టెలో. ఫొటోలో ఇంజను ఉంది, దాని మీద దెయ్యంలా గారె తింటున్న మా అక్కయ్య నీడా ఉంది.

తర్వాత ప్రకాశం బరాజు. కృష్ణ మీద బారుగా రైలు వంతెన, దాని మీద బారుగా గూడ్సు. ఇంతకంటే ఏం కావాలన్నారు. తెల్లవారుజామునే వెళ్లి నించున్నారు. బరాజు నించి చూస్తే రైలు వంతెన తూర్పున ఉంటుంది, పొద్దుటి సూర్యుడు సరిగ్గా కెమెరా కంట్లో పొడుస్తాడు. బండి ఆ కొసనించి ఈ కొసదాకా నల్లగా పడింది.

"బొగ్గు బండోయ్. నల్లగా కాక ఎలా ఉంటుంది?" అని నా మీదికొచ్చారు. సాయంత్రం వెళ్లుంటే సూర్యుడు వీపు వెనకుండి బండికి ముఖం వచ్చేదని నేనన్నాను. ఆ సలహాని ఆయన వారం తర్వాత తన సొంతం చేసుకుని నాకే చెప్పారు.

ఓవర్‌బ్రిడ్జిలూ అయ్యాయి. కింద 25 వేల వోల్టుల తీగ కదా, ఎవరూ దాని మీద ఏమీ వెయ్యకుండా పట్టాల పైభాగాన ఇనపజాలీ కట్టారు. ఆ జాలీకి బావగారు మంచి ఫొటోలు తీశారు. పట్టాల మధ్య నిలబడితే భలే వస్తుందని ఒక కుర్రాడు ఊరించాడు. అలా దూరితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరునెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. సెక్షన్ నంబరు వినగానే పాత సూపరింటెండెంటు రెండడుగులు వెనక్కేశారు. మంచి పనే.

చివరికి ఆయన్ని ఆదుకున్నది ఊరవతల లెవెల్ క్రాసింగ్ గేటు. ఏ యాప్‌కీ తెలియని సంగతి అక్కడ తెలుస్తుంది. స్టేషన్ మాస్టరు ఫోన్ చేస్తాడు, గేటు వేశాక దానికి రుజువుగా గేట్‌మన్ ప్రైవేటు నంబరు చెప్తాడు, ఇక బండి వచ్చి తీరాల్సిందే. గేటు పడితే ఊరంతా తిట్టుకుంటుంది. లారీ క్లీనరు దిగి ఇంజను కట్టెయ్యమంటాడు, స్కూటరాయన వాచీ చూసుకుంటాడు. బావగారు ఒక్కరే పెళ్లివారొచ్చినంత సంబరపడిపోతారు.

"ఏం బండి బాబూ?" గేటు బయటినుంచే కేకేశారు.

"గూడ్సండి."

"బొగ్గా, ట్యాంకర్లా?"

"వస్తోందని చెప్తారు గానీ, ఏం తెస్తోందో నాకెవరు చెప్తారండి?"

"ఇంజను?"

గేట్‌మన్ జవాబివ్వలేదు. బావగారి ఆశంతా డబ్ల్యూఏజీ-12 మీద. బిహార్‌లో మధేపురాలో తయారయ్యే జంట ఇంజను, 12 వేల హార్స్‌పవర్, పొడుగు 38 మీటర్ల పైమాట. కరెంటు లైన్లో అరవై, డెబ్బై మీటర్లకో స్తంభం ఉంటుంది. ఆ సందులో అంత పొడుగు ఇంజన్ని పట్టడానికి బావగారు ముందురోజే వచ్చి అడుగులు కొలుచుకుని, మట్టిలో మడమతో గీత గీసుకుని వెళ్లారు. వచ్చింది ఆ ఇంజనే. పక్కనున్న స్కూటరాయన "గేటెప్పుడు తీస్తారండీ?" అని భుజం తట్టాడు. ఈయన తిరిగారు. తిరుగుతూనే మీట నొక్కారు. ఫొటోలో స్తంభం వచ్చి సరిగ్గా లోకో పైలట్ ముక్కు మీద నిలబడింది.

దానికాయన దిగులేమీ పడలేదు. చివరి పెట్టెలోంచి గార్డు చెయ్యూపాడు కాబట్టి బండి మొత్తం గిట్టుబాటే అన్నారు. గార్డనకూడదట, 2022 నుంచి ట్రైన్ మేనేజరు.

ఈ పిచ్చి ఇప్పుడు బంధుత్వాల దాకా వచ్చింది. వాళ్ల అన్నగారి అమ్మాయికి మంచిర్యాల సంబంధం వస్తే, పిల్లాడేం చదివాడని ఈయన అడగలేదు. మంచిర్యాలంటే కాజీపేట–బల్లార్షా లైను, సింగరేణి బొగ్గు. ఇల్లు చూసి రావడానికి పిలవని పేరంటంలా తనే ముందు కారెక్కారు. అక్కడ అందరూ హాల్లో కూర్చుని జీతం గురించి మాట్లాడుతుంటే, ఈయన ఫోన్లో దిక్సూచి పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగారు. పెరటిగోడ దగ్గర ఆగి, "ఇక్కడ సాయంత్రం ఎండ ఎందాకా ఉంటుందండీ?" అన్నారు. మేడెక్కి, ఒక కన్ను మూసి, తల అడ్డంగా ఊపి, "అన్నీ బాగున్నాయి గానీ ఈ మూలే దెబ్బ కొడుతోంది" అన్నారు.

పెళ్లికొడుకు తండ్రి మొహంలో రంగు మారింది. అప్పట్నించీ మర్యాద పెరిగింది. మాకు ఒకసారి వచ్చిన జీడిపప్పు పకోడీ ఈయనకి మూడుసార్లు వచ్చింది. ఈయనకి వాస్తు క్షుణ్ణంగా తెలుసని ఆ ఇంట్లో రూఢి అయిపోయింది.

మొన్న పెళ్లికొడుకు తండ్రి ఫోన్ చేశారు. "గురువుగారూ, వంటగది ఆగ్నేయానికి మార్చమంటారా?"

"వంటగది జోలికి పోకండి. మేడమీద నీళ్లట్యాంకు మాత్రం వెంటనే అటు జరిపించండి. అది అక్కడుంటే ఏం లాభం, మొత్తం మింగేస్తోంది" అన్నారు బావగారు.

మేస్త్రీ సోమవారం వస్తున్నాడట.