అందరికిని తెలిసిన మాటలు

కచేరీలో పనిచేయువానికి కఠినపదముల వలన కీడు కలుగదని నా దృఢాభిప్రాయము. జమాబందీ యననేమో తెలియని క్రొత్త గుమాస్తా సిగ్గు విడిచి ప్రక్కబల్ల వానిని అడుగును. వానికిని తెలియకున్నచో ఇరువురును కలిసి మూడవవానిని అడుగుదురు. కొంప ముంచునవి అందరికిని తెలిసిన మాటలే. వాని అర్థమడుగుటకు ఎవనికిని నోరు రాదు.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరింపగా, కర్నూలు నుండి కాగితముల కట్టలతో హైదరాబాదు చేరిన మాకును, నిజాము నాటినుండి అచ్చట పాతుకొనియున్న ఉద్యోగులకును ఒకే గదిలో కుర్చీలు వేసిరి. మేము కరణమనగా వారు పట్వారీ యనిరి. ఇందు చిక్కు లేదు, వినగానే భేదము తెలిసినది. చిక్కంతయు గుంటతో వచ్చినది. తెలంగాణములో ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజములు. మాకు ఎకరమునకు 100 సెంట్లే గాని, గుంట యనగా నీరు నిలుచు గొయ్యి. "ఈ రైతునకు పది గుంటలున్నవి" అను నివేదికను చదివి, కోస్తా నుండి వచ్చిన మా మిత్రుడొకడు కరుణార్ద్రహృదయుడై, వానిని పూడ్పించుకొనుటకు తకావీ ఋణము మంజూరు చేయవచ్చునని వ్రాసెను. ఆ పై బల్లలన్నియు మావారివే కాబోలు, ఆ సిఫారసు నిరాటంకముగా సాగిపోయి, పూడికకు మన్ను ఎచ్చటినుండి తెత్తురను ప్రశ్నతో మాత్రము తిరిగివచ్చినది.

గుంట గొడవ నవ్వులతో తీరినది. సంవత్సరము గొడవ అట్లు తీరలేదు. "ఈ సంవత్సరము ముగియులోపల బాకీలు వసూలు చేయవలెను" అని ఉత్తరువు రాగా, లెక్కలవారు మార్చి 31కి పరుగులిడిరి. ఫసలీ లెక్కలలో తల నెరసిన రెవిన్యూవారు జూన్ 30 వరకు తీరుబడి యున్నదని తాంబూలము సేవించిరి. టైపిస్టు గోడమీది క్యాలెండరు చూచి డిసెంబరనెను. మా శిరస్తాదారుగారు పంచాంగము తెరచి ఉగాదికి ఇంకెన్ని దినములో లెక్కించిరి. నలుగురును విధేయులే, ఉత్తరువును అక్షరాల పాటించినవారే.

తుదకు శిరస్తాదారుగారే ఉపాయము కనిపెట్టిరి. పని అప్పగించి "తెలిసినదా?" యని అడుగుట మానిరి, ఆ ప్రశ్నకు తెలియలేదను గుమాస్తా ఇంకను పుట్టలేదు. మారుగా "ఏమి చేయబోవుచున్నావో చెప్పుము, నాయనా" అని అడుగ నారంభించిరి; గడువును తేదీతోను, విస్తీర్ణమును గజములలోను వ్రాయించిరి. పనులు చక్కబడుచుండగా, ఇది మరీ సులభముగా నున్నదని తోచియో యేమో, పైవారు మాటల అర్థములను నిర్ణయించుటకు ఒక సంఘమును నియమించి, సంవత్సరాంతములోగా నివేదిక సమర్పింపవలెనని ఆజ్ఞాపించిరి. ఆ సంఘమున నేనును ఒక సభ్యుడను. గడువు ఇంకను మించలేదనియే మా అందరి ఏకాభిప్రాయము.